కాలజిహ్వకు తొడిగిన బంగారం

రత్నకూట రాజ్యంలో కత్తులకు మంత్రి లేడు గాని, కత్తిపిడులకు ఒక మంత్రి ఉన్నాడు. నవ్వకండి. ఆయనకు పల్లకీ ఉంది, పల్లకీ ముందు బాకా ఊదేవాడు ఉన్నాడు, నిండు కొలువులో సేనాపతి కంటే ఎత్తయిన ఆసనం ఉంది. పేరు హేమదండుడు. పదవిలోకి వచ్చిన నాటి నుంచి ఆయన కత్తి పట్టి ఒక్క కాకరకాయనైనా కోసిన పాపాన పోలేదు.

అంతటి మహానుభావుడు ఈ సాయంకాలం కాకశైలం మీద, జలపాతం పక్కనున్న గుహ ముందు, సాంబ్రాణి అమ్ముకునేవాడి వేషంలో నిలబడి గజగజ వణుకుతున్నాడు. నెత్తిన తట్ట, ముఖాన మసి, ఒంటిన చిరుగుల పంచె, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కాళ్ళకు మాత్రం ముత్యాలు కుట్టిన పాదరక్షలు. విప్పమంటే, "పదవీ లాంఛనం, విప్పరాదు" అన్నాడు.

ఆయన్ను ఇంత దూరం ఈడ్చుకొచ్చిన ఆపద చిన్నదేమీ కాదు. రత్నకూటాన్ని ఏలే భద్రసేన మహారాజు, ధూమజటి అనే మాంత్రికుడి శాపం తగిలి, పాదాల నుంచి పైకి కొంచెం కొంచెంగా రాయి అవుతున్నాడు. వీళ్ళు బయలుదేరే వేళకు రాయి నడుము దాటింది. గుండె దాకా పాకిందా, ఇక ఆ రాజ్యానికి రాజు ఉండడు, విగ్రహం ఉంటుంది. ధూమజటి శక్తి అంతా వాడి జడలో ఉంది. ఆ జడను తెగగొట్టగల ఇనుము లోకంలో ఒక్కటే: వంశకర్త నాటి నుంచి వస్తున్న కాలజిహ్వ అనే బాకు.

ఆ బాకును నడుముకు కట్టుకుని వచ్చింది రాజు ఏకైక పుత్రిక తరళ. ఆమె కొంగు మూటలో తండ్రి పాదుక ఒకటి ఉంది. శాపం తగిలిన క్షణాన ఆయన కాలి నుంచి జారిపడిన మంచి గంధపు పాదుక అది. ఆయనతో పాటు అదీ రాయి అయింది. అది మళ్ళీ చెక్క అయిన రోజున నాన్న మళ్ళీ మనిషి అయినట్టు. అడుగడుక్కీ ఆ మూట తుంటికి కొట్టుకుని కమిలిపోతున్నా ఆమె దాన్ని దించలేదు.

మూడోవాడు కటారి గురవడు. ఒకప్పుడు దారులు కొట్టి బతికిన దొంగ. తరళ ప్రాణభిక్ష పెట్టిన నాటి నుంచి ఆమె వెంటే ఉన్నాడు. అణకువ అన్నది వాడి ఇంటా వంటా లేదు.

"తల్లీ, ఆ బాకు ఓపాలి పట్టుకు సూడు. లోపలికెళ్ళాక పట్టుకోటం కాదు," అన్నాడు గురవడు.

తరళ ఒరలోంచి బాకు తీసింది. అస్తమిస్తున్న సూర్యుడు ఆ పిడిని చూసి ఒక్క క్షణం సిగ్గుపడ్డాడంటే అతిశయోక్తి కాదు. పద్మరాగాలు నిప్పుకణికల్లా మండగా, మరకతాల తీగలు పిడిని చుట్టి చుట్టి పైకి పాకగా, తీగల నడుమ బంగారు సింహం నోరు తెరవగా, సింహం నెత్తిన కమలం విచ్చగా, కమలం చుట్టూ గజ్జెలు గలగలలాడగా, అన్నింటికీ చివర నల్లని కేశాల కుచ్చు ఒకటి చామరంలా వీస్తూ... అబ్బ! చూడటానికి రెండు కళ్ళూ చాలవు. పట్టుకోవడానికి ఒక చెయ్యి కూడా చాలదు. అదే దాని చిక్కు.

రత్నకూటంలో ఆచారం అది. పట్టం కట్టుకున్న ప్రతి రాజూ ఆ పిడికి ఒక సొమ్ము తొడిగించాలి. ముందువాడు తొడిగించింది తీయకూడదు. తీసినవాడి చెయ్యి తీసేస్తారు. అలా తొడిగీ తొడిగీ పిడి రోకలిబండంత అయింది. వంశకర్త ఏ పిడి పట్టుకుని రాజ్యం గెలిచాడో ఎవడికీ తెలియదు. అది లోపలెక్కడో ఉంది. రాజుకు సుస్తీ చేస్తే ఆ పిడిని ఆయన గుండెల మీద పెట్టి హారతి ఇవ్వడం మరో ఆచారం. యుద్ధానికి తీసుకెళ్ళే ఆచారం మాత్రం ఎప్పుడో పోయింది.

గురవడు బాకును అటూ ఇటూ తిప్పి చూశాడు. పిడికీ అలుగుకీ మధ్య, చెయ్యి పదును మీదికి జారకుండా ఒక అడ్డు ఉంటుంది కదా, అక్కడ సూర్యబింబం ఉంది. బింబం చుట్టూ మొనదేరిన బంగారు కిరణాలు. ఆ కిరణాలన్నీ వెనక్కి, పట్టుకున్నవాడి చేతి వైపుకే వంగి ఉన్నాయి.

"ఇదేంటయ్యా పిడుల మంత్రీ? ముళ్ళు మనకేసి ఉన్నాయేంటి?"

"మూర్ఖుడా! కిరణాలు శత్రువు మీద ప్రసరించడం అపచారం. ప్రభువు శ్రీహస్తం మీదే ప్రసరించాలి. ఇది శాస్త్రం."

"శాస్త్రం రాసినోడు ఎవుడ్నీ పొడిచుండడు. పొడిస్తే ముందు ఆడి మణికట్టే తెగును," అని గురవడు తరళ వైపు తిరిగాడు. "తల్లీ, సెప్తున్నా యిను. కత్తి పిడి గుండ్రంగా ఉండకూడదు. గుండ్రంగా ఉంటే పదును ఎటుందో సేతికి తెలీదు. నున్నగా ఉంటే తడికి జారుద్ది. గట్టు గట్టుగా రాళ్ళుంటే అరిసెయ్యి ఊడొస్తది. దీనికి మూడు రోగాలూ ఉన్నాయి. బండకేసి ఒక్క దెబ్బ కొట్టి ఆ బంగారం రాలగొట్టెయ్."

"శివశివా!" అని హేమదండుడు చెవులు మూసుకున్నాడు. "రాకుమారీ, కాలజిహ్వ మహిమ అంతా ఈ పిడిలోనే ఉంది. అలుగుదేముంది, ఉత్త ఇనుము! ఒక దొంగ మాట విని వంశగౌరవాన్ని బండకేసి కొడతారా?"

తరళకు ఊహ తెలిసిన నాటి నుంచి ఆ పిడికి దండం పెట్టడమే నేర్పారు. గురవడి మాట సబబుగానే తోచినా చెయ్యి రాలేదు. "గజ్జెల సంగతి చూడు గురవా, చాలు," అంది. గురవడు నిట్టూర్చి, నోట్లో నములుతున్న తమలపాకు ముద్ద తీసి ఒక్కొక్క గజ్జెలోనూ కూరాడు. పవిత్రమైన గజ్జెల్లో ఒక దొంగ ఎంగిలి! హేమదండుడికి మూర్ఛ వచ్చినంత పనైంది.

"సాంబ్రాణీ! మేలైన సాంబ్రాణీ!" అని కేకవేస్తూ ముగ్గురూ గుహలోకి నడిచారు.

లోపలంతా జలపాతం తుంపర. గోడలు తడి, నేల తడి, గాలి తడి. లోకాన్ని గడగడలాడించే ధూమజటికి కూడా ఒక తీరని బాధ ఉంది: జడ ఆరదు. అందుకే రోజూ ఈ వేళకు ఒక చదును బండ మీద వెల్లకిలా పడుకుని, జడను వెనక్కి పరిచి, దానికి సాంబ్రాణి పొగ పట్టించుకుంటాడు. ఏనుగు తొండమంత లావు జడ అది. బండ మీద నుంచి జారి గుహ నేలంతా చుట్టలు చుట్టుకుని పడి ఉంది.

"వెయ్యండి, వెయ్యండి. చివర్ల దాకా పట్టించండి," అన్నాడు ధూమజటి, కళ్ళు తెరవకుండానే.

గురవడు నిప్పుల మీద సాంబ్రాణి చల్లాడు. పొగ గుప్పుమని లేచింది. ఆ మరుగున తరళ మోకాళ్ళ మీద పాకి, వాడి తల పక్కకు చేరింది. 'నాన్నా, ఒక్క దెబ్బ. ఇదొక్కటి పడితే చాలు' అనుకుని, కాలజిహ్వను రెండు చేతులతో ఎత్తి, జడ మొదట్లోకి గురిపెట్టి బలమంతా కూడదీసుకుని నరికింది.

నరికాననే అనుకుంది. తడిసిన బంగారం ఆమె పిడికిట్లో గిర్రున తిరిగింది. పదును పక్కకు పోయి, అలుగు అడ్డంగా జడ మీద చప్పున పడింది. దెబ్బ ఊపుకు చేతులు ముందుకు జారి, సూర్యకిరణాలు రెండు మణికట్లో దిగాయి. తడి కుచ్చు వేళ్ళకు చుట్టుకుని వదలనంది. నొప్పితో అరవబోయి పెదవి కొరుక్కుని, మళ్ళీ ఎత్తింది. మళ్ళీ చప్పుడే. ఈసారి అవే కిరణాలు అదే గాయంలో దిగాయి. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే అదే.

ధూమజటి ఒక కన్ను తెరిచాడు.

"కొట్టు పిల్లా, మొహమాటపడకు. దురదగా ఉన్నచోటే కొట్టావు."

గురవడు పంచెలో దాచుకున్న గొడ్డలి తీసి, ఎత్తి ఉరికాడు. మాంత్రికుడు చిటికె వేశాడు. అంతే, వాడి రెండు కాళ్ళూ మోకాళ్ళ పైదాకా నల్లరాయి అయి నేలకు అతుక్కుపోయాయి. గొడ్డలి ఎగిరి ఎక్కడో పడింది.

"ఓరి నీ జడ కాల! నాకు కాళ్ళు లేకపోతే పారిపోవటం ఎట్టారా?" అని గురవడు గోలపెట్టాడు.

ధూమజటి లేచి కూర్చుని, తీరిగ్గా నవ్వాడు. "ఆ కిరణాలు వెనక్కి వంచింది ఎవరనుకున్నావు పిల్లా? నేనే. మీ ముత్తాత కొలువులో పిడుల మంత్రిని నేనే. అసలు ఆ పదవి పుట్టించిందే నేను. నన్ను చంపగలిగింది ఒక్క బాకు. దాన్ని దొంగిలిస్తే వెతుకుతారు, విరగ్గొడితే అతికిస్తారు. అందుకని పొగిడాను. 'ప్రభూ, ఇంతటి బాకుకు ఇంత మోటు పిడా?' అన్నాను. మీ ముత్తాత మురిసిపోయి నాకు ముత్యాల హారం వేశాడు. తన బాకును తానే పాడు చేసుకుని, నాకు కానుకలు ఇచ్చాడు!"

"అయితే ఆ తరువాతి మంత్రులంతా నీ శిష్యులేనా?" అంది తరళ, మణికట్టు నుంచి నెత్తురు కారుతుండగా.

"శిష్యులా? ఆ అవసరమే రాలేదు. నేను వచ్చేశాక మీవాళ్ళే ఒకర్ని మించి ఒకరు తొడుగుకుంటూ పోయారు. నిజం చెప్పొద్దూ, గజ్జెలు నాకు కూడా తోచలేదు. హంతకుడి కత్తికి గజ్జెలు! అదెవరి తెలివి?"

"మా నాన్నగారిది," అన్నాడు హేమదండుడు గుహ మూల నుంచి. భయంతో పళ్ళు టకటకలాడుతున్నా ఆ గొంతులో రవ్వంత గర్వం ఉంది.

"నా ఏర్పాటు చెడగొట్టబోయింది మీ నాన్నే పిల్లా," అన్నాడు ధూమజటి. "పోయిన ఆయుధపూజ నాడు కిరణం గుచ్చుకుని చెయ్యి తెగితే, 'ఈ సొమ్ములన్నీ ఊడదీయండి, కత్తిని కత్తిలా ఉంచండి' అన్నాడట. నా కాకులు వచ్చి చెప్పాయి. తెలివైన రాజు నాకు పడడు. అందుకే రాయిని చేశాను."

తరళ నివ్వెరపోయి హేమదండుడి వైపు తిరిగింది. "నాన్నగారు అలా ఆజ్ఞ ఇచ్చారా?"

"ఇచ్చారు రాకుమారీ. నొప్పి వల్ల ఏదో అంటున్నారని... పక్కన పెట్టాను."

తరళకు ఒళ్ళు మండిపోయింది. నాన్న ఒక్క మాట మంచి మాట అన్నాడు, ఆ మాట అన్నందుకే రాయి అవుతున్నాడు. ఆ మాట అమలు జరిగి ఉంటే తానీ పాటికి ఆ జడను ఒక్క వేటుతో నరికి ఉండేది. పోనీ ఇందాక బయట గురవడు చెప్పినప్పుడైనా విన్నదా? కోపం మంత్రి మీద సగం, తన మీద సగం. పైన పటారం లోన లొటారం అని ఊళ్ళో పిల్లలు కూడా అంటారే, అలాంటిదాన్ని ఇన్నేళ్ళూ పట్టుపరుపు మీద పెట్టి పూజించింది.

ఆమె చుట్టూ చూసింది. బండల మీద నాచు. దేనికేసి కొట్టినా జారేలా ఉంది. అప్పుడు గురవడి మోకాళ్ళు కనిపించాయి. నల్లటి కొత్త రాయి, నాచు లేదు.

"గురవా!"

వాడికి అర్థమైంది. "ఎట్టాగూ రాయే గదా తల్లీ. కానియ్. గట్టిగా కొట్టు, కితకితలు పెట్టమాక."

"ఆగండి!" అని హేమదండుడు కెవ్వుమన్నాడు. "పిడి సొమ్ము తీసినవారి చెయ్యి నరకాలని శాసనం!"

"నరకండి. ఏ కత్తితో నరుకుతారో నేనూ చూస్తాను," అని తరళ పిడిని గురవడి రాతి మోకాలికేసి బాదింది.

కమలం ఊడింది. మళ్ళీ బాదింది. సింహం దవడ విరిగింది. మూడో దెబ్బకు సూర్యబింబం సహా బంగారు తొడుగంతా నిలువునా చీలి, కుచ్చుతో గజ్జెలతో ఒకే ముద్దగా ఊడి, హేమదండుడి ముత్యాల పాదరక్షల ముందు పడింది.

లోపల ఉన్నది చింతచేవ పిడి. నల్లబడింది, నూనె తాగినట్టు నిగనిగలాడుతోంది. గుండ్రంగా లేదు, కోలగా అదిమినట్టుంది. బొటనవేలు ఆనేచోట ఎవరి వేలో ఏళ్ళ తరబడి నొక్కీ నొక్కీ చేసిన చిన్న గుంట. అలుగు మొదట్లో సూర్యుడూ లేడు చంద్రుడూ లేడు, చూపుడువేలు పదును మీదికి జారకుండా ఒక చిన్న ఇనుప బిళ్ళ మాత్రం ఉంది. తరళ పట్టుకుంది. పదును ఎటు ఉందో చూడకుండానే చేతికి తెలిసింది. ఆమెకు ఏడుపు వచ్చినంత పనైంది.

గురవడు పకపకా నవ్వాడు. "ఓలమ్మో! ఇది మేకలకి కొమ్మ కొట్టే కత్తి తల్లీ! మా తాత మొలలో ఇట్టాంటిదే ఉండేది. మీ వంశం మొదలెట్టినాయన సూరీడి కొడుకో కాదో నాకు తెలీదు గాని, మేకలోడు మాత్రం అవును!"

"అబద్ధం!" అని అరిచాడు హేమదండుడు. ఎదురుగా మాంత్రికుడు ఉన్నాడు, పక్కన మనిషి సగం రాయి అయ్యాడు, అక్కడ రాజు ప్రాణం పోతోంది. ఆయన్ను కదిలించింది మాత్రం ఈ ఒక్క మాటే. ఉన్న బంగారం ముద్దను ఉన్నట్టే తట్టలోకి ఎత్తుకుని, తడుముకుంటూ గుహ బయటికి పరుగు తీశాడు.

ధూమజటి నవ్వు ఆగిపోయింది. వాడి జడ ఒక్కసారిగా లేచి, తరళ నడుమును చుట్టి, బండకేసి కొట్టింది. కళ్ళు బైర్లు కమ్మాయి. చెయ్యంతా నెత్తురు, తుంపర, సాంబ్రాణి మసి. అయినా పిడి జారలేదు. వేళ్ళు ఎక్కడ ఉండాలో అక్కడే ఉన్నాయి. మరో చుట్ట మెడ మీదికి వస్తుండగా ఆమె బొటనవేలు ఆ గుంటలో నొక్కి, మెడకూ జడకూ మధ్య కాలజిహ్వను దూర్చి, కొమ్మ కొట్టినట్టు ఒక్క వేటు వేసింది.

జడ తెగింది! తెగిన జడ నేల మీద గిలగిలా కొట్టుకుని చల్లబడింది. ధూమజటి కుప్పకూలాడు. చూస్తుండగానే ఒళ్ళు ముడతలు పడి, పళ్ళు రాలి, బోడి తల ముసలివాడయ్యాడు.

తరళ ఆత్రంగా మూట విప్పింది. గుప్పున గంధపు వాసన! పాదుక మడమ వైపు చెక్క అయింది. ఆమె చెయ్యి ముందుకు తడిమింది. వేళ్ళ వైపు ఇంకా చల్లటి రాయి.

"తల్లీ, నాకు ఒక కాలే వచ్చింది," అన్నాడు గురవడు. కుడికాలు ఆడిస్తున్నాడు, ఎడమకాలు నేల నుంచి ఊడింది గాని ఇంకా రాయిగానే ఉంది.

ముసలి మాంత్రికుడు నేల మీద పడి కిచకిచమని నవ్వుతున్నాడు. "సగమే. సగమే. నా జడలో ఒక పాయ ఏనాడో కోసి మీ ముత్తాతకు కానుక ఇచ్చాను. కుచ్చు... బాగుందన్నాడు. మిగిలిన నా శక్తంతా ఇప్పుడు ఆ కుచ్చులోనే ఉంది. దాని మీద వేటు పడనిదే శాపం పోదు."

తరళ చప్పున గుహ వాకిలి వైపు తిరిగింది. హేమదండుడు ఆ కుచ్చును ఎక్కడికి తీసుకెళతాడో ఆమెకు తెలుసు. రాజుకు సుస్తీగా ఉంది. ఆచారం ప్రకారం పిడిని ఆయన గుండెల మీద పెట్టాలి.

"అది గుండెకు తగిలిన మరుక్షణం..." అని మాంత్రికుడు ఇంకా ఏదో అనబోయాడు. గురవడు తన రాతికాలు ఎత్తి వాడి వీపు మీద ఆనించి, "నువ్వు నోరు మూసుకుని పడుకో తాతా. తల్లీ, యీడి సంగతి నేను సూసుకుంటా, నువ్ పో!" అన్నాడు.

ఆమె గుహ బయటికి వచ్చేసరికి, వచ్చే దారిలో మొసళ్ళ మడుగులో మిగతా గుర్రాలు పోగా మిగిలిన ఒకే ఒక్క గుర్రం కూడా చెట్టు దగ్గర లేదు. కింద లోయలో సంధ్య ఎర్రబారుతోంది. కొండదారి చుట్లు తిరిగి తిరిగి దిగుతుంది, గుర్రాన్ని కాళ్ళతో అందుకోవడం కల్ల. హేమదండుడు ఏ మలుపులో ఉన్నాడో కూడా చెట్లలో కనిపించడం లేదు.

అప్పుడు వినిపించింది. ఘల్లు. ఘల్లు ఘల్లు. గుర్రం కుదుపుకు గజ్జెల్లోని తమలపాకు ముద్దలు రాలిపోయాయి. ఆ పిడి పుట్టి ఇన్ని తరాలకు ఒక్కటంటే ఒక్క మంచి పని చేసింది.

తరళ వెనక్కి పరుగెత్తి తెగిన జడను ఈడ్చుకొచ్చింది. ఒక కొస గుహవాకిట బండకు బిగించి, రెండో కొస జలపాతం పక్కగా లోయలోకి విసిరి, బాకు పళ్ళ మధ్య కరిచిపట్టుకుని దిగింది. నీళ్ళు నెత్తిన దబదబా పడుతున్నాయి. గాయపడిన మణికట్టు సలుపుతోంది. జడ కొస అయిపోయింది. దారి ఇంకా రెండు నిలువుల కిందనే ఉంది.

గజ్జెల మోత దగ్గరవుతోంది. మలుపు తిరిగి గుర్రం వచ్చింది. దాని మీద హేమదండుడు తట్టను పసిబిడ్డలా గుండెలకు అదుముకుని, "మేకలోడట, మేకలోడు!" అని తనలో తాను గొణుక్కుంటున్నాడు. తట్టలోంచి నల్లటి కుచ్చు బయటికి వేలాడి గాలికి ఊగుతోంది.

తరళ ఒక చేత్తో బాకు పిడి అందుకుంది. బొటనవేలు తన గుంట తానే వెతుక్కుంది. గుర్రం సరిగ్గా కిందికి రాగానే, ఆ కుచ్చుకే గురిపెట్టి ఆమె జడను వదిలేసింది.